వీధులే మా దస్తావేజులు

మీదే ఊరు అని అడుగుతారు. కర్నూలు అంటాం. అది సరే, అసలు ఊరేది అని మళ్లీ అడుగుతారు. ఈ రెండో ప్రశ్న మా పక్కింటి శెట్టిగారిని ఎవరూ అడగరు. ఎదురింటి రెడ్డిగారినీ అడగరు. వాళ్లు చెప్పిన ఊరే వాళ్ల అసలు ఊరు. మా దగ్గరికొచ్చేసరికి ఊరి వెనక ఇంకో ఊరు, దేశం వెనక ఇంకో దేశం ఉండి తీరాలన్నట్టు చూస్తారు. అడిగేవాళ్లంతా చెడ్డవాళ్లు కారు. మాతో కలిసి చదువుకున్నవాళ్లు, మా పండక్కి సేమియా తిన్నవాళ్లు కూడా అడుగుతారు. తప్పు వాళ్లు చదివిన చరిత్రది. ఆ చరిత్రలో ముస్లిం అంటే దండెత్తి వచ్చినవాడు, సింహాసనం ఎక్కినవాడు, చివరికి ఓడిపోయినవాడు. రావడం ఉంది, ఏలడం ఉంది, పోవడం ఉంది. ఇక్కడ బతకడం మాత్రం ఎక్కడా లేదు.

అందుకే మా ఊరి పాత వీధుల గురించి, పాత కట్టడాల గురించి మేమే చెప్పుకోవాలనుకున్నాం. పాత రోజులు తలుచుకుని మురిసిపోయే తీరిక మాకు లేదు. నవాబుల వైభవం మీద మోజూ లేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు మా దగ్గర కాగితాల రూపంలో తక్కువగానూ, వీధుల రూపంలో ఎక్కువగానూ ఉంది. ఆ వీధుల్ని చదవడం వచ్చినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వాళ్లుండగానే రాసి పెట్టుకోవాలి.

ఊరి పేరులో ఉన్నది కందెన

తుంగభద్ర ఒడ్డున, హంద్రి వచ్చి కలిసేచోట మా ఊరుంది. ఊరి పేరుకు పెద్దలు చెప్పే కథ అందరికీ తెలిసిందే. ఏటి అవతల అలంపురంలో గుళ్లు కడుతున్న కాలంలో రాళ్లు తోలే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగేవట. బండివాళ్లు ఇరుసులకు కందెన పెట్టుకునేవాళ్లట. కందెన దొరికే ఊరు కందెనవోలు అయింది. కందెనవోలు కందనవోలయింది. అది నోట్లో నలిగి నలిగి కర్నూలయింది. ఈ కథలోని భాషాశాస్త్రాన్ని పండితులు తేల్చుకోనీ. మాకు నచ్చేదేమంటే, మా ఊరికి రాజు పేరు లేదు, దేవుడి పేరు లేదు, నవాబు పేరూ లేదు. బండి తోలేవాడి చేతికంటిన జిడ్డు పేరుంది. పని చేసుకుని బతికేవాళ్లదే ఈ ఊరని పేరే చెబుతోంది.

ఆ రాళ్లు వెళ్లిన అలంపురం ఇప్పుడు తెలంగాణలో ఉంది. బాదామీ చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. ఆ ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. గుడికి వెళ్లినవాళ్లు దర్గాకూ వెళ్లి రావడం మా పెద్దవాళ్ల కాలంలో విశేషం కాదు. మా ఇళ్లనుంచి ఏరు దాటి దర్గాకు పోయినవాళ్లకు గుడి గోపురం కొండగుర్తు. గుడికి పోయినవాళ్లకు దర్గా దగ్గరి చెట్టునీడ మజిలీ.

బురుజు ఎవరిది?

కర్నూలు అంటే బయటివాళ్లకు కొండారెడ్డి బురుజే. 2003లో ‘ఒక్కడు’ సినిమా వచ్చాక మా ఊరు చూడనివాళ్లకు కూడా ఆ బురుజు తెలుసు. దాని కథ చూడండి. కోట విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంనాటిదని చెబుతారు. అలంపురం సీమ పాలెగాడు కొండారెడ్డిని ఇందులో బంధించారని, ఆ పేరే బురుజుకు నిలిచిందని చెబుతారు. ఇక బురుజు అన్న మాట ఎక్కడిది? అరబ్బీ ‘బుర్జ్’. కట్టించింది విజయనగర రాజు, పేరు మిగిలింది ఒక రెడ్డిది, ఆ పేరు పక్కన నిలబడ్డది అరబ్బీ మాట. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా కొండారెడ్డి బురుజు ఉండదు. మా ఊరిని ఒకే మతం సొత్తుగా చూపించాలనుకునేవాళ్లు ముందు ఈ మూడక్షరాల ‘బురుజు’ మాటకు బదులేదో వెతుక్కోవాలి.

ఒక్క బురుజే కాదు. పెద్దపడఖానా అని మా పాతబస్తీలో ఒక వీధి. ‘పెద్ద’ తెలుగు, ‘ఖానా’ పారశీకం. నది పక్క సంకల్‌బాగ్ ఉంది. ‘బాగ్’ అంటే తోట. తోట పోయినా మాట పోలేదు. బుధవారపేట ఉంది, కొత్తపేట ఉంది, ఖడక్‌పుర ఉంది, గడియారం ఆసుపత్రి ఉంది. ఈ పేర్లు పలికేటప్పుడు ఏది తెలుగు, ఏది ఉరుదూ అని మా ఊళ్లో ఎవరూ విడదీసి చూడరు. కూరగాయలమ్మే అవ్వ కూడా పడఖానా అనే అంటుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడుకునే మా అమ్మలు కూడా బుధవారపేట అనే అంటారు. పేర్ల దగ్గర ఎప్పుడూ రాని పేచీ మనుషుల దగ్గర ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

గుమ్మజ్‌లో పడుకున్న సిద్దీ

హంద్రి ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది. మేము గోల్‌గుమ్మజ్ అంటాం. పైన గుమ్మటాలు, చుట్టూ కమాన్ల వరండా. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి ఒక బోర్డు, ఒక కంచె ఉన్నాయి. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును పట్టి, ఇక్కడ పాలించిన తొలి ముస్లిం అధికారి ఆయన. ఆయన కొన్ని గుళ్లను మసీదులుగా మార్చాడని దొరల కాలంనాటి జిల్లా రాతల్లో ఉంది. దాన్ని మేము దాచిపెట్టం. ఏలినవాడు ఏలినవాడిలాగే చేశాడు. ఆ కాలంలో గెలిచినవాళ్లు ఓడినవాళ్ల గుళ్ల మీద చెయ్యి వేయడం ఒక్క మతంవాళ్లే చేసిన పని కాదని కూడా చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. కానీ ఆ లెక్క నాలుగు వందల ఏళ్ల తర్వాత కొత్తపేటలో కుట్టుమిషను తొక్కే దర్జీ ఎందుకు తీర్చాలి? ఇది మా ప్రశ్న.

ఈ గుమ్మజ్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. అబ్దుల్ వహాబ్ హబ్షీ. ఆఫ్రికా నుంచి ఈ నేలకు తెచ్చిన మనుషుల సంతతి. సిద్దీలని మనం పిలిచేది వాళ్లనే. దక్కనులో వాళ్లు బానిసలుగా వచ్చారు, సిపాయిలయ్యారు, కొందరు సర్దారులయ్యారు. ఇప్పుడు 2007 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం తీసి చూడండి. చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కోసం వెనకబడిన ముస్లిం సమూహాలను 14 పద్దుల కింద రాశారు. అందులో ఒక పద్దు సిద్దీ, హబ్షీలది. నాలుగు శతాబ్దాల కింద ఒక హబ్షీ కర్నూలు ఏలాడు. ఆయన కులంవాళ్లు ఇప్పుడు వెనకబడ్డ జాబితాలో ఉన్నారు. ముస్లింలంతా ఏలినవాళ్ల వారసులే అనే మాట ఎంత పచ్చి అబద్ధమో తెలుసుకోవడానికి ఈ గుమ్మజ్, ఆ జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఆ జాబితాను చదవడం మా ఊరి వీధుల్లో నడవడంలాగే ఉంటుంది. అచ్చుకట్లవాళ్లు ఉన్నారు. అత్తరు సాయిబులు ఉన్నారు. గారడీ సాయిబులు, ఫకీర్లు, హజాంలు, చాకిరేవు ముస్లింలు, ఖురేషీలు ఉన్నారు. రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, రాళ్లు పగలగొట్టే పత్తర్‌ఫోడులు ఉన్నారు. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే వెనకబడిన తరగతుల్లో ఉన్నారు. వీళ్లలో ఏ ఒక్కరి పేరూ మా జిల్లా చరిత్ర పుస్తకాల్లో దొరకదు. నవాబుల పేర్లు మాత్రం వరసగా ఉంటాయి. రాళ్లు కొట్టినవాళ్లు ఒకరు, రాళ్ల మీద పేరు చెక్కించుకున్నవాళ్లు ఇంకొకరు.

నవాబుల పగలు, ఊరి చావులు

అబ్దుల్ వహాబ్ తర్వాతి కాలంలో కర్నూలు పఠాన్ నవాబుల చేతికొచ్చింది. వాళ్ల చరిత్ర గొప్పగా చెప్పుకునేవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లకు రెండు తేదీలు గుర్తు చేయాలి. 1750 డిసెంబరులో నిజాం నాసిర్‌జంగ్‌ను చంపిన కుట్రలో కడప, కర్నూలు నవాబులున్నారు. 1751 మొదట్లో రాయచోటి దగ్గర జరిగిన పోరులో ముజఫర్‌జంగ్ చనిపోయాడు, కర్నూలు నవాబూ చనిపోయాడు. ఆ పగతో బుస్సీ వెంట వచ్చిన ఫ్రెంచి దండు అదే ఏడాది కర్నూలు కోటమీద పడి ఊచకోత కోసింది, ఊరిని దోచింది. పగ పట్టింది నవాబులు. చచ్చింది ఊళ్లో జనం. అందులో కలమా చదివినవాళ్లు ఎందరు, నామం పెట్టినవాళ్లు ఎందరు అని ఫ్రెంచివాళ్లు లెక్క చూసుకోలేదు.

1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి రాసిచ్చాక కర్నూలు నవాబు కంపెనీకి పేష్కష్ కట్టే సంస్థానాధీశుడయ్యాడు. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. రహస్యంగా తుపాకులు, ఫిరంగులు పోగు చేస్తున్నాడని 1839లో కంపెనీ సేన వచ్చింది. కోటలో, జనానాలో ఆయుధాలు బయటపడ్డాయి. ఆ అక్టోబరులో జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు అనుచరులు కొందరు చనిపోయారు. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. సంస్థానం కంపెనీలో కలిసిపోయింది. 1858లో కర్నూలు జిల్లా అయింది.

జొహరాపురం ఇప్పుడు ఊళ్లో కలిసిపోయిన పేట. ఆ దారిన రోజూ వేల మంది పోతారు. అక్కడ ఒక పోరు జరిగిందని తెలిసినవాళ్లు ఎందరున్నారు? మా సీమలోనే 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పాటగా జనం నోట్లో ఉంది, 2019లో సినిమాగానూ వచ్చింది. రావాల్సిందే. ఆయన మావాడు కూడా. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందు అదే కంపెనీతో తలపడ్డ జొహరాపురం గురించి ఒక్క ముక్కా ఎందుకు లేదు? గులాం రసూల్ ఖాన్ మంచి పాలకుడని మేము అనడం లేదు. ఆయన పాలన మీద ఇంగ్లీషువాళ్లు రాసినవాటిలో కొంతైనా నిజం ఉండొచ్చు. పాలెగాళ్లు కూడా అందరూ ధర్మప్రభువులేం కారు. మా బాధల్లా ఒకటే. ఒకే తెల్లవాడి మీద ఎత్తిన కత్తి ఒకచోట స్వాతంత్ర్య పోరాటమూ, ఇంకోచోట నవాబు కుట్రా ఎట్లా అవుతుంది?

ఇంకొక్క సంగతి చెప్పి కోట దగ్గర్నుంచి కదులుదాం. ఇంత పెద్ద కోట ఏమైంది అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అడిగి మా వైపు చూస్తారు. కోటను పడగొట్టించింది ఇంగ్లీషు దొరతనం. 1860ల్లో, శాంతి కుదిరాక, యుద్ధమేదీ లేకుండానే గోడలు నేలమట్టం చేశారు. బురుజులాంటివి కొన్ని మిగిలాయి. పగిలిన ప్రతి రాయికీ మా పేరు రాసే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క లెక్కయినా సరిచేసుకోవాలి.

ఒకే చౌడు కింద

కోట పోయాక మిగిలింది వీధులు. 1901 లెక్కల నాటికి కర్నూలు పట్టణ జనాభా సుమారు పాతిక వేలు. అందులో దాదాపు సగం ముస్లింలు. అంటే నవాబు పోయి అరవై ఏళ్లయినా సగం ఊరు ఎక్కడికీ పోలేదు. పోవడానికి వాళ్లకు ఇంకో ఊరు లేదు.

వాళ్లు కట్టుకున్న ఇళ్లు మా చిన్నతనం దాకా ఉన్నాయి. రాయలసీమ ఇల్లంటే మిద్దె. రాతిగోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, పైన చౌడుమట్టి. వెలుతురుకు, పొగ పోవడానికి కప్పులో గవాక్షి. కింద బేతంచెర్ల బండలో కడప బండలో పరుపు. ముందర రెండు పక్కలా కట్టలు. వానలకు ముందు ప్రతి ఇంటివాళ్లూ చౌడు తెచ్చి మిద్దె మీద పోసుకోవాల్సిందే. గోడ కట్టిన ఉప్పరి ఒకడే, దూలం చెక్కిన వడ్రంగి ఒకడే, చౌడు తోలిన బండి ఒకటే. ఏది సాయిబుల ఇల్లో, ఏది కోమటోళ్ల ఇల్లో తెలియాలంటే వాకిట్లోకి పోయి చూడాలి. అక్కడ ముగ్గుంటే వాళ్లది, గుమ్మానికి పరదా ఉంటే మాది. ముగ్గుకూ పరదాకూ మధ్య ఉన్న దూరమే మా రెండు జాతుల మధ్య ఉన్న దూరం. అంతకు మించి ఉందని మాకెవరూ చెప్పలేదు, చాలాకాలం.

వీధి తెల్లారేది శబ్దాలతో. దూదేకుల తాత విల్లు మీటితే వచ్చే టంగుటంగు శబ్దం చలికాలం వచ్చిందని చెప్పేది. పరుపులు, బొంతలు కుట్టించుకునే కాలం అది. జట్కాస్టాండులో గుర్రాలకు నాడాలు కొట్టే చప్పుడుండేది. రోలుకు కక్కు కొట్టించుకోండమ్మా అని వీధివీధీ తిరిగే కేక ఉండేది. కసాయి దుకాణం ముందు పొట్టేలు తలకాయ కాల్చే వాసనా, ఆ పక్కనే ఉగ్గాని, బజ్జీల వాసనా ఒకే గాలిలో వచ్చేవి. ఆ విల్లును పరుపుల ఫ్యాక్టరీ తినేసింది. జట్కాను ఆటో తినేసింది. రోలును మిక్సీ తినేసింది. మతం మారినందుకో, రాజ్యం పోయినందుకో కాదు, పని పోయినందుకే మా వీధులు చాలావరకు చితికిపోయాయి. ఈ సంగతి మా మతపెద్దలూ చెప్పరు, మీ చరిత్రకారులూ చెప్పరు.

మా ఆడవాళ్ల కర్నూలు ఇంకో తీరుగా ఉండేది. మగవాళ్లకు ఊరంటే బజారు, మసీదు, కచేరీ. మా నానీలకు, ఫుప్పూలకు ఊరంటే మిద్దెలు. ఆ మిద్దె మీంచి ఈ మిద్దె మీదికి పిట్టగోడలు దాటుకుంటూ వీధి చివరదాకా పోగలిగేవాళ్లు. వడియాలు ఆరబెట్టే చోట, మిరపకాయలు ఎండేసే చోట శెట్టిగారి కోడలూ మా చిన్నమ్మీ కలిసేవాళ్లు. కాన్పుల కబుర్లు, కట్నాల ఏడుపులు ఆ మిద్దెల మీదే నడిచాయి. గురువారం సాయంత్రం దర్గాకు పోవడం వాళ్లకు దొరికే ఒకే ఒక్క షికారు. మసీదుల్లో వాళ్లకు చోటివ్వని మేము, మా పాత కట్టడాల చరిత్ర రాసేటప్పుడైనా వాళ్లనడిగి రాయాలి. కాంక్రీటు ఇళ్లొచ్చి మిద్దెల మధ్య దారి తెగినప్పుడు రెండు మతాల ఆడవాళ్ల మధ్య దారి కూడా తెగిందని మాకు చెప్పింది వాళ్లే.

ఇక పీర్ల చావిడి. మొహర్రం నెల వస్తే చావిడి ముందర గుండం తవ్వేవాళ్లు. పీర్లకు చక్కెర చదివించడానికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ముస్లిమేతరులే. మొక్కు తీర్చుకున్న కాపు, బిడ్డకు హుసేనప్ప అని పేరు పెట్టుకున్న బోయ, పీరు ఎత్తుకుని నిప్పుల్లో నడిచే దూదేకుల మనిషి, డప్పు కొట్టే మాదిగ. ఇస్లాం పుస్తకంలో ఇదెక్కడుంది అని ఇప్పుడు మా పిల్లలు కొందరు అడుగుతున్నారు. పుస్తకంలో ఉండకపోవచ్చు. మా వీధిలో ఉంది. అది షిర్క్ అని ఒక పక్క మావాళ్లు దూరం జరుగుతున్నారు. తురకల పండగ మనకెందుకని ఇంకో పక్క మీవాళ్లు దూరం జరుగుతున్నారు. ఇద్దరూ కలిసి ఒకే గుండాన్ని పూడ్చేస్తున్నారు. ఈ ఒక్క పనిలో మాత్రం రెండువైపుల మతవాదులకు మంచి ఐకమత్యం కుదిరింది.

గుడారాల రాజధాని, కొత్త కాలనీలు

1947లో మా ఊళ్లో ఉస్మానియా కాలేజీ వచ్చింది. డాక్టర్ అబ్దుల్ హఖ్ పూనుకుని పెట్టించారు. దేశం ముక్కలవుతున్న ఏడాది అది. పోయేవాళ్లు పోతున్నప్పుడు ఇక్కడ కాలేజీ కట్టడమంటే మేము ఇక్కడే ఉంటామని రాతితో రాసి ఇవ్వడమే. ఆ కాలేజీలో చదివిన పిల్లల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. 2016లో కర్నూలులో పెట్టిన ఉరుదూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాల్లేక గుడారాల్లో కచేరీలు నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు పోయింది. ఆ మూడేళ్లలో ఊరికొచ్చిన ఉద్యోగులకు ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లలో మా వీధులవాళ్లూ ఉన్నారు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు సాయిబుల మిద్దెల్లో పూజగదులు పెట్టుకున్నాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇదెందుకు చెబుతున్నామంటే, 1992 డిసెంబరు 6 తర్వాత కాలం తిరగబడింది. అయోధ్యలో మసీదు కూలింది. మా ఊళ్లో ఒక్క ఇటుకా కదలలేదు. అయినా మా మనసుల్లో ఏదో కదిలింది. అంతవరకు పాత కట్టడం అంటే పాత కట్టడమే. ఆ తర్వాత ప్రతి గుమ్మటం కింద ఏముందో అనే గుసగుస మొదలైంది. 1991 చట్టం 1947 ఆగస్టు 15 నాటి స్థితినే కొనసాగించాలని చెబుతున్నా గుసగుస ఆగలేదు. అదే కాలంలో ఊరు పెరిగి కొత్త కాలనీలు వచ్చాయి. మాలో చదువుకుని ఉద్యోగాలొచ్చినవాళ్లం అక్కడ ఇల్లు అద్దెకు అడిగితే, పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోయేది. మాంసం తింటారా అన్నది పైకి అడిగే ప్రశ్న. మాంసం తినే ఇతర కులాలవాళ్లకు అదే కాలనీలో ఇళ్లు దొరికేవి. మళ్లీ పాతబస్తీకే వచ్చాం. వచ్చాక, వీళ్లంతా ఒకేచోట గుంపుగా ఉంటారెందుకు అని అడిగారు.

నీళ్లలో పోయినవి, మిగిలినవి

2009 అక్టోబరు 2. ఆ రోజు కర్నూలులో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి ఊరి మీదికొచ్చాయి. పాతబస్తీ మునిగింది. చౌడుమిద్దెలు నానిపోయి కూర్చుండిపోయాయి. వందేళ్లు నిలబడ్డ గోడలు ఒక్క రాత్రిలో బురదయ్యాయి. మసీదుల్లోకి నీళ్లొచ్చాయి, గుళ్లలోకీ నీళ్లొచ్చాయి. పైనున్న మిద్దెల మీదికి ఎవరు ఎవర్ని లాగారో అప్పుడెవరూ చూసుకోలేదు. నీళ్లు తీశాక చూసుకుంటే ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లో బురద ఉంది. ఆ బురదలో కొనుగోలు పత్రాలు, రేషన్ కార్డులు, నికానామాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, తాతల ఫొటోలు ఉన్నాయి. ఎండలో తాళ్లకు ఆరేసుకున్నాం. కొన్ని నిలిచాయి. చాలావరకు ముట్టుకుంటే పొడి అయ్యాయి. ఆ నష్టం హిందువులకూ మాకూ సమానమే.

పదేళ్లు గడిచాయి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనకే పౌర పట్టిక వస్తుందని మాటలు వినిపించాయి. దేశమంతటికీ ఆ పట్టిక ఇప్పటిదాకా రాలేదు. భయం మాత్రం అప్పుడే వచ్చి మా ఇళ్లలో కూర్చుంది. ఆ చలికాలమంతా మావాళ్లు కాగితాల కోసం తిరిగారు. తాత పేరు ఒకచోట ఖాదర్ వలీ, ఇంకోచోట ఖాదరయ్య, మరోచోట కాదర్‌సాబ్. అప్పుడు తెలిసింది, ఒకే వరద అందర్నీ ఒకేలా ముంచినా అందరికీ ఒకేలా మిగలదని. శెట్టిగారి దస్తావేజు పోతే పోయింది దస్తావేజే. మా దస్తావేజు పోతే దేశమే పోతుందేమోనని భయపడాల్సి వచ్చింది.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. తరతరాల వాడుకను బట్టి ఒక చోటును వక్ఫ్‌గా గుర్తించే పద్ధతిని ఇకముందు లేకుండా చేసింది. అప్పటికే నమోదైనవి ఉంటాయట, వివాదం ఉన్నవీ ప్రభుత్వ భూమి అన్నవీ తప్ప. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపింది కానీ ఈ ఒక్కదాన్ని నిలపలేదు. వక్ఫ్ ఆస్తుల్ని మింగినవాళ్లలో మా పెద్దమనుషులూ ఉన్నారు. వాళ్లమీద మాకు ఏ కనికరమూ లేదు. కానీ వాడుక సాక్ష్యం కాదంటే పేదవాడి దగ్గర ఇంకేం సాక్ష్యం ఉంటుంది? పీర్ల చావిడికి ఎవరు పట్టా రాయించారు? వీధి మలుపులో ఫకీరు సమాధికి ఎవరు రిజిస్ట్రేషన్ చేయించారు? ఊరమ్మ గుడికి, కట్టమీది రావిచెట్టుకు ఏ కాగితం ఉంది? ఈ దేశంలో సగం పవిత్ర స్థలాలు వాడుక మీదే నిలబడ్డాయి. ఈ రోజు మాకు చెల్లదన్న వాడుక రేపు మాల మాదిగల శ్మశానానికి చెల్లుతుందా?

అందుకే వీధుల దగ్గరికి తిరిగి రమ్మంటున్నాం. ఊరి పేరులోని కందెన, బురుజు పక్కనున్న అరబ్బీ మాట, గుమ్మజ్‌లోని హబ్షీ, జొహరాపురం పోరు, చౌడుమిద్దె, గుండం, ఇవన్నీ మా సాక్షులు. ఏ ఆఫీసులోనూ ముద్ర వేయించుకోని సాక్షులు. ఇంతవరకు ఎవరూ వీటిని పిలిచి అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మా ముస్లిం సోదరులకు చెప్పేది ఇది. నవాబుల వంశవృక్షాలు గీయడం మానుకుందాం. ఆ చెట్టు నీడ మనలో నూటికి తొంభై మంది మీద ఎన్నడూ పడలేదు. దూదేకుల తాత పేరు, కక్కు కొట్టిన సాయిబు పేరు, మిద్దెల మీద దారి తెలిసిన నానీ పేరు రాసుకుందాం. ప్రతి వీధిలో ముసలివాళ్లను కూర్చోబెట్టి అడుగుదాం. ఏ బావి ఎవరు తవ్వించారు, ఏ చావిడికి ఎవరు నూనె పోశారు, ఏ ఇంట్లో ఎవరు అద్దెకున్నారు అన్నీ అడుగుదాం.

లౌకికవాద మిత్రులకు చెప్పేది ఇంకొంచెం కష్టమైన మాట. మామీద దాడి జరిగినప్పుడు ఖండన ప్రకటనలు ఇస్తున్నారు, సంతోషం. గంగాజమునా సంస్కృతి అని ఉత్తరాది మాటలతో మమ్మల్ని ఓదారుస్తున్నారు. మాకు గంగా లేదు, జమునా లేదు. తుంగభద్ర ఉంది, హంద్రి ఉంది. రెండూ మా ఊళ్లోనే కలుస్తాయి. మీ ఊళ్లో కూడా ఏవో రెండు వాగులు కలిసే చోటు ఉంటుంది. అక్కడి పాత వీధిలో ఒకసారి నడిచి, పేర్లు చదివి, మీ పిల్లలకు చెప్పండి. మీరు చెబితే అది చరిత్ర అంటారు. మేము చెబితే ఇంకా గోడు అనే అంటున్నారు.

అసలు ఊరేదని మళ్లీ ఎవరైనా అడిగితే మా జవాబు మారదు. కర్నూలు, పాతబస్తీ, పెద్దపడఖానా వీధి.